దుల్హాభాయ్ పాలసీ జూన్‌లో ఎందుకు ఆగిపోయింది



మొన్న ఒక వలీమా దావత్‌లో దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నాం. నాకు ఎదురుగా మా దుల్హాభాయ్. ఆయన పక్కన మా ఖాందాన్‌లోనే కాస్త పైసా, కాస్త చదువు, బోలెడంత నోరు ఉన్న ఒక పెద్దమనిషి. ఎవరిదో బీమారీ మాట వచ్చింది. ఆ పెద్దమనిషి బోటీ కొరుకుతూ అన్నారు: "మనోళ్ళంతా బేఫికర్ భాయ్. హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకుంటారు, ఆరు నెలలు కడతారు, ఆపేస్తారు. బిర్యానీకి లక్షలు పెడతారు. దవాఖానా కోసం నెలకు రెండు వేలు కట్టమంటే జాన్ పోతుంది."

నలుగురు నవ్వారు. దుల్హాభాయ్ కూడా నవ్వారు. కాని పళ్ళెంలోంచి తల ఎత్తలేదు.

ఆయన ఎందుకు తల ఎత్తలేదో నాకు తెలుసు. ఆ రోజు నేను నోరు విప్పలేదు. పెళ్ళివారింట్లో బహస్ ఎందుకని సబర్ చేశాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఆ పెద్దమనిషికి చెప్పాల్సిన జవాబు ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. ఆయన చదివితే మంచిదే. చదవకపోయినా, ఆయనలా మాట్లాడేవాళ్ళు ప్రతి ఖాందాన్‌లో ఒకరుంటారు, వాళ్ళకు చూపించండి.

దుల్హాభాయ్ దర్జీ. షేర్వానీలు, పఠానీ సూట్లు కుడతారు. చిన్న దుకాణ్, రెండు మిషన్లు, ఒక కారీగర్. 2022 అక్టోబర్‌లో ఒక ఏజెంట్ దుకాణ్‌కు వచ్చి ఐదు లక్షల ఫ్యామిలీ పాలసీ చేయించాడు. ఆపా, దుల్హాభాయ్, ఇద్దరు పిల్లలు. నెలకు 2,180 రూపాయలు. ప్రతి నెలా ఐదో తారీఖున బ్యాంకు ఖాతాలోంచి దానంతట అదే కట్ అయ్యేలా పెట్టారు. "ఒక్కసారి సంతకం చేస్తే చాలు భాయ్, మీకు ఏ పరేషానీ ఉండదు" అన్నాడట.

ఇరవై నెలలు కట్టారు. మళ్ళీ చదవండి, ఇరవై నెలలు. ఒక్క రోజు దవాఖానాలో పడుకోలేదు, ఒక్క రూపాయి వాపస్ తీసుకోలేదు. బేఫికర్ మనిషి ఇరవై నెలలు కడతాడా?

2024 జూన్ వచ్చింది. దర్జీ ఇంటి హిసాబ్ తెలిసినవాళ్ళకు జూన్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఆ ఏడు ఈద్ ఏప్రిల్ 11న అయిపోయింది. రమ్‌జాన్‌లో రాత్రుళ్ళు నిద్ర లేకుండా కుట్టిన కమాయీ మే నెలాఖరుకు ఒడిసిపోయింది. జూన్ 12న బడులు తెరిచారు. ఇద్దరు పిల్లల ఫీజు, పుస్తకాలు, యూనిఫారాలు. 17న బక్రీద్. ఆ వెనకే మొహర్రం, ఆ నెలలో మనవాళ్ళు షాదీలు పెట్టుకోరు, షేర్వానీల గిరాకీ ఉండదు. ఐదో తారీఖున ఖాతాలో పన్నెండు వందలున్నాయి. కట్ కావాల్సింది కట్ కాలేదు. పైగా ఫెయిలైనందుకు బ్యాంకు జుర్మానా వేసి ఆ పన్నెండు వందల్లోంచి కూడా కొంత లాగేసింది.

ఫోన్‌కు ఇంగ్లీషులో ఒక మెసేజ్ వచ్చింది. ఇంకోటి వచ్చింది. దుల్హాభాయ్ ఉర్దూ మీడియంలో ఏడో జమాత్ వరకు చదివారు. ఏజెంట్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఏడాది కింద రోజుకు మూడుసార్లు దుకాణ్ మెట్లెక్కిన మనిషి. ఆపా అడిగితే దుల్హాభాయ్ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఏక్ మహీనా రుక్ జాయే తో క్యా హోతా? ఫిర్ బాంధ్ లేంగే." కేబుల్ కట్ అయితే మళ్ళీ పైసలు కట్టి వేయించుకోమా? ఫోన్ రీఛార్జ్ అయిపోతే మళ్ళీ వేయించుకోమా? ఇదీ అలాగే అనుకున్నారు.

ఇన్సూరెన్స్ అలా ఉండదు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. నా ఘుస్సా అంతా ఇక్కడే.

హెల్త్ పాలసీలో మనం పైసలతో పాటు ఇంకొకటి కూడా జమ చేస్తుంటాం. అది టైమ్. పాలసీ తీసుకున్న మొదటి 30 రోజులు యాక్సిడెంట్ తప్ప మామూలు బీమారీ దేనికీ కవర్ ఉండదు. హెర్నియా, మోతిబిందు, కిడ్నీలో రాళ్ళు లాంటి కొన్నిటికి చాలా పాలసీల్లో రెండేళ్ళు ఆగాలి. పాలసీ తీసుకునే ముందే ఉన్న షుగర్, బీపీ లాంటి వాటికి గరిష్ఠంగా మూడేళ్ళు. ఇది ఒకప్పుడు నాలుగేళ్ళుండేది, 2024 ఏప్రిల్ నుంచి ఐఆర్‌డీఏఐ దాన్ని 36 నెలలకు తగ్గించింది. ఐదేళ్ళు ఆగకుండా కడితే, ఆ తర్వాత "నువ్వు ఫలానా బీమారీ దాచావు" అని కంపెనీ క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదు, పక్కా ధోకా అని సాబిత్ చేస్తే తప్ప. అంటే పాలసీకి ఒక ఉమర్ ఉంటుంది. ఎంత పాతదైతే అంత గట్టిది. మధ్యలో ఆపితే ఆ ఉమర్ సున్నా అయిపోతుంది.

ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టి, క్లెయిమ్ ఏదీ తీసుకోకుండా మధ్యలో రద్దు చేసుకుంటే మిగిలిన రోజుల లెక్కన పైసలు వాపస్ ఇవ్వాలని ఇప్పుడు ఖాయిదా ఉంది. పైసలు వాపస్ వస్తాయి. గడిచిన నెలలు రావు.

దుల్హాభాయ్‌వి ఇరవై నెలలు అలా పోయాయి. షాదీల సీజన్లో చేతికి కాస్త పైసా వచ్చాక, 2024 నవంబర్‌లో మళ్ళీ పాలసీ తీసుకున్నారు. అదే కంపెనీ. "అదే పాలసీ కదా" అనుకున్నారు. కాగితం ప్రకారం అది కొత్త పాలసీ. ఈ ఏడు జనవరిలో హెర్నియా నొప్పి తట్టుకోలేని స్థితికి వచ్చింది. ఆపరేషన్ చేయాలన్నారు. దవాఖానా కౌంటర్లో కార్డు ఇస్తే గంటలో జవాబొచ్చింది: ఈ బీమారీకి 24 నెలలు నిండలేదు, నామంజూర్. 2022 నుంచి లెక్కేస్తే 39 నెలలు. 2024 నుంచి లెక్కేస్తే 14. ఆ జూన్‌లో 2,180 రూపాయలు దొరికుంటే ఆపరేషన్ పాలసీలోనే అయిపోయేది.

95 వేలయ్యాయి. ఆపా కడియాలు గిర్వీ పెట్టింది. నేను ముప్పై వేలిచ్చాను. మిగతాది ఖర్జా. ఆ కుట్లు మానకముందే వలీమాలో కూర్చుని "బేఫికర్" అనిపించుకున్నారు.

కంపెనీ క్లెయిమ్ కొట్టేసిందని నేను ఏడవడం లేదు. కాగితం మీద ఉన్నదే చేసింది. నా షికాయత్ జూన్ గురించి. ఆ రోజు తెలుగులోనో ఉర్దూలోనో ఒక్క ముక్క పంపి ఉండొచ్చు: "మీకు 20 నెలలు జమ అయ్యాయి. 15 రోజుల్లో కట్టకపోతే అవి పోతాయి." ఒక్క వాక్యం. పాలసీ అమ్మడానికి మన భాషలో ఫోన్ చేసే అమ్మాయి దొరుకుతుంది, మన భాషలో యాడ్ దొరుకుతుంది, "అస్సలాము అలైకుమ్ భాయ్‌జాన్" అని పలకరించే ఏజెంట్ దొరుకుతాడు. పోతున్నదేమిటో చెప్పాల్సి వచ్చేసరికి ఇంగ్లీషు మెసేజ్ మిగులుతుంది.

కిస్తుల సంగతి కూడా ఎవరూ పూర్తిగా చెప్పరు. నెల కిస్తు తప్పితే 15 రోజుల మోహ్‌లత్ ఉంటుంది. మూడు నెలలకో, ఆరు నెలలకో, ఏడాదికో కట్టేవాళ్ళకు 30 రోజులు. కిస్తుల్లో కట్టేవాళ్ళకు ఆ మోహ్‌లత్ రోజుల్లో కూడా కవర్ ఉంటుంది. ఆ లోపల కడితే సూద్ లేదు, పాలసీ ఉమర్ కూడా చెడదు. అంటే జూన్ 20 లోపల ఎవరి దగ్గరైనా రెండు వేలు ఉధార్ తీసుకుని కట్టి ఉంటే సరిపోయేది. నేనే ఇచ్చేవాణ్ణి. నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. నాకు ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి ఆపా ఇంటి పాలసీ గురించి నేనెప్పుడూ ఫికర్ చేయలేదు. ఆ దస్తర్‌ఖాన్ మీద బేఫికర్ ఎవరైనా ఉన్నారంటే అది నేనే.

నెల తన్ఖా వచ్చేవాళ్ళకు నెల కిస్తు సుఖమే. ఒకటో తారీఖున తన్ఖా పడుతుంది, ఐదున కట్ అవుతుంది. కాని మన మొహల్లాలో ఎంతమందికి నెల తన్ఖా ఉంది? దర్జీ, వెల్డింగ్ పని, పండ్ల బండి, ఫర్నిచర్ పాలిష్, సెకండ్ హ్యాండ్ బండ్ల దుకాణ్. వీళ్ళ కమాయీ రుతువుల్లో వస్తుంది, తారీఖుల్లో రాదు. అలాంటి మనిషికి "నెలకు రెండు వేలే కదా" అని పాలసీ అంటగట్టడమంటే, అది ఏ జూన్‌లోనో, ఏ మొహర్రంలోనో తెగిపోతుందని తెలిసే అంటగట్టడం.

ఇక కొందరు ఎందుకు ఆపుతారంటే, వాళ్ళు కొన్న చీజ్ వేరు, వాళ్ళకు చెప్పింది వేరు. "ఏ దవాఖానాకైనా వెళ్ళండి, ఒక్క పైసా కట్టక్కర్లేదు" అని వాదా చేస్తాడు ఏజెంట్. రూమ్ కిరాయికి హద్దు ఉందని చెప్పడు. రోజుకు ఐదు వేల రూమ్ హద్దున్న పాలసీతో ఎనిమిది వేల రూమ్‌లో చేరితే, ఆ తేడా మూడు వేలు మాత్రమే మనం కట్టుకుంటే సరిపోదు. డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ లాంటి ఖర్చులన్నీ అదే లెక్కన తగ్గించి ఇస్తారు. లక్షన్నర బిల్లుకు లక్ష కూడా రాని ఇంటివాళ్ళు బయటికొచ్చి ఏం చెబుతారు? "సబ్ ధోకా హై" అంటారు. ఆ మాట సాయంత్రానికి గల్లీ అంతా పాకుతుంది. ఒక ఇంట్లో క్లెయిమ్ విరిగితే పది ఇళ్ళలో కిస్తులు ఆగిపోతాయి. ఆ పది ఇళ్ళవాళ్ళను జాహిల్ అనడం సులువు. మోసపోయిన పొరుగింటిని చూసి చెయ్యి వెనక్కు తీసుకోవడం అఖల్ ఉన్న మనిషి చేసే పనే. వాళ్ళకు తెలియనిది ఒకటే, చెయ్యి వెనక్కు తీసుకుంటే పోయేది కిస్తు ఒక్కటే కాదని.

ప్రీమియం పెరుగుదల ఇంకొకటి. ఉమర్ ఒక మెట్టు ఎక్కగానే ప్రీమియం ఎగురుతుంది. 2025 జనవరిలో ఐఆర్‌డీఏఐ, 60 దాటినవాళ్ళకు తనను అడగకుండా ఏడాదికి 10 శాతం కన్నా ఎక్కువ పెంచొద్దంది. మంచిదే. 58 ఏళ్ళ మనిషికి ఆ రక్షణ లేదు. మొన్నటిదాకా దీని మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉండేది. దుల్హాభాయ్ ఏడాదికి కట్టే 26 వేలల్లో దాదాపు నాలుగు వేలు సర్కారుకే పోయేవి. బీమారీ వస్తుందేమోనని భయపడ్డందుకు పన్ను! 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద ఆ పన్ను తీసేశారు. ఇది ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందని ఎవరైనా అడిగారా? పాలసీ ఆపేసిన గరీబు మనిషిని మాత్రం అందరూ అడుగుతారు.

గల్ఫ్ ఇళ్ళ సంగతి వేరే. జెద్దాలో, దమ్మామ్‌లో పని చేసే కొడుక్కి అక్కడ కంపెనీ ఇన్సూరెన్స్ ఉంటుంది, అది అక్కడి ఖానూన్. ఆ కార్డు జేబులో పెట్టుకుని, ఇంటిదగ్గర అమ్మీ అబ్బా పాలసీ దండగ అనుకుని ఆపేసినవాళ్ళు నాకు తెలుసు. ఆ కార్డు కొడుకుది. అమ్మీకి మోకాళ్ళ ఆపరేషన్ ఇక్కడ చేయించాలంటే అది పనికిరాదు. ఇక్కడ హైదరాబాద్‌లో నౌకరీ రాగానే ఆఫీసు ఇన్సూరెన్స్ చూసుకుని సొంత పాలసీ వదిలేసేవాళ్ళూ అంతే. నౌకరీ పోయిన రోజు మళ్ళీ మొదటి నెల నుంచి మొదలు. నేనూ ఆ గుంపులోనే ఉన్నాను. ఈ రాత రాస్తూనే నా సొంత పాలసీ కోసం కాగితాలు తీస్తున్నాను.

ఇప్పుడు అసలు నాజూకు మాటకు వస్తాను. "ఇన్సూరెన్స్ హరామ్ కదా, అందుకే ఆపేశాం" అనే ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. మసలా మీద ఉలమాలో బహస్ ఉన్న సంగతి నాకు తెలుసు. మామూలు వ్యాపార ఇన్సూరెన్స్‌లో సూద్, గరర్ ఉన్నాయని, ఒకరికొకరు తోడుగా నడిపే తఆవునీ పద్ధతి జాయెజ్ అని 1985లో జెద్దాలో ఇస్లామీ ఫిఖ్ అకాడమీ తీర్మానం చేసింది. మలేసియా 1984లోనే తకాఫుల్‌కు ఖానూన్ చేసింది. మన దేశంలో అలా కొనుక్కునే తకాఫుల్ పాలసీ మార్కెట్లో లేదు. ఈ మజ్బూరీలో ఏం చేయాలో మీ ఆలిమ్‌ను అడగండి, నేను ఫత్వా ఇచ్చేవాణ్ణి కాను. ఎవరైనా దిల్ ఒప్పక మొదటి నుంచీ తీసుకోకపోతే వాళ్ళ ముందు నేను తల వంచుతాను.

నేను అడిగేది ఒక్కటే. ఏడు నెలలు హలాల్‌గా ఉన్నది ఎనిమిదో నెలలో హరామ్ ఎలా అయింది? జవాబు మనందరికీ తెలుసు. "పైసల్లేక ఆపేశాం" అంటే ఇజ్జత్ పోతుంది. "హరామ్ అని ఆపేశాం" అంటే ఇజ్జత్ నిలుస్తుంది. ఖాళీ జేబు మీద కప్పే దుప్పటి అది. ఆ దుప్పటి కప్పుకున్నవాళ్ళను నేను తప్పుపట్టను. జేబు ఖాళీ అయిందని చెప్పుకోవడానికి సిగ్గుపడేలా చేసిన ఆ వలీమా నవ్వులను తప్పుపడతాను. దుల్హాభాయ్ జూన్‌లో నాకు ఫోన్ చేయకపోవడానికి కారణం ఆ నవ్వే.

బిర్యానీ మాటకు కూడా జవాబు చెప్పాలి. మన షాదీల్లో ఫుజూల్ ఖర్చు ఉంది, ఒప్పుకుంటాను. కాని లక్షలు పెట్టి దావత్ ఇచ్చినవాళ్ళు, కిస్తు తప్పినవాళ్ళు ఒకరేనా? ఆ రోజు దావత్ ఇచ్చినాయన పాలసీ భేషుగ్గా నడుస్తోంది. ఆగిపోయింది ఆ దావత్‌కు షేర్వానీ కుట్టినాయనది.

సర్కారు పథకాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ లేకపోతే మనలో ఎన్ని గరీబు ఇళ్ళు గుండె ఆపరేషన్లకు అమ్ముడుపోయేవో. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో దాని హద్దు ఐదు లక్షల నుంచి పది లక్షలైంది. ఆ కార్డున్న ఇంటికి వెళ్ళి, భయపెట్టి ప్రైవేటు పాలసీ అమ్మే ఏజెంట్లను నేను చూశాను. అది గునాహ్. ముందు ఆ కార్డుతో ఏ దవాఖానాలో ఏ ఇలాజ్ దొరుకుతుందో తెలుసుకోండి. 70 దాటిన అమ్మీ అబ్బా ఉంటే 2024 అక్టోబర్ నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఆదాయంతో పని లేకుండా ఐదు లక్షల కవర్ ఉంది, ఆ కార్డు చేయించండి.

కార్డూ లేక, ఈఎస్‌ఐ కూడా లేక మధ్యలో వేలాడేవాళ్ళ సంగతి? ఈఎస్‌ఐ నెలకు 21 వేల లోపు తన్ఖా ఉన్న కార్మికులకు. సొంత దుకాణ్ దర్జీకి అది రాదు. దేశంలో కనీసం 30 శాతం, అంటే సుమారు 40 కోట్ల మంది ఇలా ఏ ఆసరా లేకుండా మధ్యలో ఉన్నారని నీతి ఆయోగ్ 2021లో తన రిపోర్టులో రాసింది. మా దుల్హాభాయ్ ఆ 40 కోట్లలో ఒకరు. 40 కోట్ల మంది ఒక్కసారిగా బేఫికర్ అయ్యారా?

కాబట్టి జిమ్మేదారి ఎవరిదో చెబుతాను. అమ్మిన రోజు మన భాష వచ్చిన కంపెనీకి, ఆపే రోజు కూడా మన భాష రావాలి. "ఇన్ని నెలలు జమ అయ్యాయి, ఫలానా తారీఖుకు పోతాయి" అని ముందే చెప్పడం ఖాయిదా కావాలి. మొదటి ఏడు కమీషన్ తీసుకుని రెండో ఏడు ఫోన్ ఎత్తని ఏజెంట్ అమ్మింది పాలసీ కాదు, కాగితం. సర్కారు ఆ 40 కోట్ల మందిని రిపోర్టుల్లో లెక్కపెట్టడం మాని కవర్ చేయడం మొదలుపెట్టాలి.

మన వంతు కూడా ఉంది. అది నేను మా ఆపా ఇంట్లోనే మొదలుపెట్టాను.

ముందు, నెల కిస్తు తీసేయిస్తున్నాం. రెన్యువల్ నవంబర్‌లో వస్తుంది. ఇకనుంచి ఏడాదికి ఒకేసారి. దానికి ఐదు ఇళ్ళు కలిసి బీసీ వేశాం. ఫ్రిజ్ కోసం, పెళ్ళి కోసం మన ఆడవాళ్ళు బీసీ వేయరా? ఇది పాలసీ బీసీ. ఎవరి రెన్యువల్ ఏ నెలలో ఉందో ఆ నెల బీసీ వాళ్ళదే, వేలం లేదు. రమ్‌జాన్‌లో ఎక్కువ వేస్తారు, మొహర్రంలో తక్కువ వేస్తారు. కమాయీ ఎలా వస్తుందో అలా.

తర్వాత, కంపెనీ నచ్చకపోతే ఆపకుండా మార్చుకోవచ్చు. 2011 నుంచి ఆ హక్కు ఉంది. రెన్యువల్ తారీఖుకు కనీసం 45 రోజుల ముందు కొత్త కంపెనీకి దరఖాస్తు పెడితే, వాళ్ళు ఒప్పుకుంటే, పాత పాలసీ ఉమర్ మీ వెంటే వస్తుంది. ప్రీమియం భారమైతే కవర్ తగ్గించుకోండి, ఐదు లక్షలను మూడు చేసుకోండి. తెంపొద్దు. ఇంట్లో ఒక్కరిదే కట్టగలిగితే ముందు పెద్దవాళ్ళది కట్టండి. పిల్లలకు రేపు మళ్ళీ దొరుకుతుంది, షుగర్ వచ్చిన అబ్బాకు అదే రేటుకు దొరకదు.

క్లెయిమ్ అన్యాయంగా కొట్టేస్తే, నసీబ్ అని ఇంటికి రావద్దు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా షికాయత్ ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది. 50 లక్షల వరకు తగాదాలు వింటారు. ఫీజు లేదు, వకీల్ అక్కర్లేదు.

చివరిగా, ఇంటి ఆడవాళ్ళకు ఆ కాగితం ఎక్కడుందో చెప్పండి. ఆపాకు ఆ పాలసీ నంబర్ కూడా తెలియదు. గిర్వీ పెట్టింది మాత్రం ఆమె కడియాలే.

దుల్హాభాయ్ నిన్న ఫోన్ చేశారు. కుట్లు మానాయి, మళ్ళీ మిషన్ మీద కూర్చుంటున్నారు. "అబ్ ఫిర్ బాంధ్‌నా క్యా?" అని అడిగారు. పద్నాలుగు నెలలు ఒకసారి తిరస్కరించాయి కదా, ఇంకా ఎందుకు కట్టాలని ఆయన దిల్‌లో ఉంది. నేనన్నాను, "భాయ్, ఇప్పుడు ఆపితే మళ్ళీ సున్నా. ఈ నవంబర్‌కు రెండేళ్ళు నిండుతాయి. ఒక్క నెల కష్టమైతే ముందు నాకు చెప్పండి." కాసేపు చుప్ అయ్యారు. తర్వాత "ఠీక్ హై" అన్నారు.

ఆ "నాకు చెప్పండి" అనే మాట 2024 జూన్‌లో అనాల్సింది. మీ ఖాందాన్‌లో దర్జీ పని, బండి పని, దుకాణ్ పని చేసేవాళ్ళు ఎవరున్నారో ఇవాళ ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఫోన్ చేయండి. పాలసీ నడుస్తోందా, ఏ తారీఖుకు కట్టాలి అని అడగండి. దావత్‌లో నలుగురి ముందు అడగొద్దు.

ఖుదా హాఫిజ్.